జుమా నాటి తలనొప్పి

మా చెల్లెలిని పదిహేనేళ్ల క్రితం గద్వాలలో ఇచ్చాము. కోటకు దగ్గరలో పాత ఇల్లు, పెద్ద సంసారం, నెమ్మదైన మనుషులు. పెళ్లయిన రెండో ఏడు నుంచి ఆమెకు తలనొప్పి పట్టుకుంది. ఎడమ కణత దగ్గర సన్నగా మొదలై, గంట తిరిగేసరికి కంటి వెనుక సుత్తితో కొట్టినట్లు అయ్యేది. వెలుతురు చూడలేకపోయేది. వంటింట్లో గిన్నె కింద పడితే తన తల మీద పడినట్లే ఉలిక్కిపడేది. వాంతి అయ్యేది. తలుపులు మూసుకొని, దుపట్టా తలకు బిగించి కట్టుకొని పడుకునేది. మరునాడు లేచి, రాత్రంతా ఎవరో పిండి ఆరవేసిన గుడ్డలా తిరిగేది.

ఆ నొప్పికి అందరూ తలొక పేరు పెట్టారు. వాంతి అవుతున్నది కాబట్టి పైత్యమన్నారు. నిమ్మకాయ, జీలకర్ర కషాయం అయ్యాయి. చూపు మందగించిందని అద్దాలు పెట్టించారు. సైనస్ అని ఆవిరి పట్టించారు. అమృతాంజనం డబ్బాలు ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్క లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో ఆ మందు తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగు ఇళ్లలో తలనొప్పికి మొదటి చికిత్స అదే కదా! నొప్పి ఎక్కువగా శుక్రవారం నాడే వస్తున్నదని గమనించిన తరువాత దిష్టి అన్నారు. పుణ్యదినం నాడే మంచాన పడుతున్నదంటే ఎవరిదో చెడు చూపు తగిలి ఉంటుందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. చిట్టచివరికి, చాలా ఇళ్లలో వినిపించే మాటే ఆ ఇంట్లోనూ వినిపించింది: “పని ఉన్ననాడే తల నొస్తది ఆమెకు.”

ఆ మాట అన్నవారు ఆమె అత్తగారు మాత్రమే అయితే ఈ వ్యాసం రాయడం మాకు సులువుగా ఉండేది. మేమూ అన్నాము. వనపర్తిలోని మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఒక్క శుక్రవారమైనా మంచం పట్టకపోవడం చూసి, పుట్టింట్లో రాని నొప్పి అత్తింట్లోనే ఎందుకు వస్తున్నదని వెక్కిరించాము. ఆ ప్రశ్నలోనే జవాబు ఉన్నదని అప్పుడు మాకు తెలియదు.

వైద్యులు దీనిని మైగ్రేన్ అంటారు. తెలుగులో పార్శ్వపు నొప్పి అని, ఒంటి తలనొప్పి అని పాత పేర్లు ఉన్నాయి. మన ఇళ్లలోని పెద్దవారు ఆధా సీసీ అంటారు. ఈ పేర్లన్నీ సగం తల నొప్పి అనే అర్థంతోనే పుట్టాయి. గ్రీకు మూలం కూడా అదే చెబుతుంది. అయితే నొప్పి రెండు వైపులా రావడమూ తక్కువేమీ కాదు. మందు వేయకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. మెట్లెక్కినా, వంగినా హెచ్చుతుంది. వికారమో, లేదా వెలుతురూ శబ్దమూ రెండూ గిట్టకపోవడమో తోడవుతుంది. కొందరికి నొప్పికి ముందు కళ్లెదుట మెరుపు గీతలు, వంకర టింకర అంచులు కదులుతాయి; చెయ్యి, పెదవి తిమ్మిరి ఎక్కుతాయి. దీనిని వైద్యులు ‘ఆరా’ అంటారు. ఇది మెదడు, నరాల వ్యవస్థ పనితీరులో ఉండే తేడా వల్ల వచ్చే జబ్బు, వంశంలో నడిచే జబ్బు. కడుపులో పైత్యం వల్ల తల నొప్పి రావడం లేదు. తలలో మొదలైన గడబిడ కడుపును తిప్పుతున్నది.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. బెంగళూరు నిమ్హాన్స్ వారు ఆ నగరంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ వెళ్లి 18 నుంచి 65 ఏళ్ల వయసువారు 2,329 మందిని ప్రశ్నించగా, ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవారు దాదాపు నాలుగో వంతు ఉన్నారు. పురుషుల కన్నా స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో ఒకరికి ఉండవచ్చునన్న మాట. ఆ ఒకరు చాలాసార్లు వంటింట్లో ఉన్నవారే.

నొప్పి వచ్చి పడుకున్నవారిని ఈమాన్ బలహీనపడిందని గాని, ఓర్పు లేదని గాని అనేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇహ్రామ్ స్థితిలో ఉండగా తలలో నొప్పి కారణంగా తలకు హిజామా చేయించుకున్నారని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన విషయం సహీహ్ బుఖారీ వైద్య గ్రంథ భాగంలో ఉన్నది. అక్కడ ఆ నొప్పికి వాడిన పదం ‘షఖీఖా’. ఈనాటికీ అరబ్బులు మైగ్రేన్‌ను ఆ పేరుతోనే పిలుస్తారు. ఆయన నొప్పిని దాచుకోలేదు, చికిత్స చేయించుకున్నారు. అంతకన్నా వేరే వాదన మాకు అవసరం అనిపించలేదు.

మా చెల్లెలు చివరికి కర్నూలు వెళ్లి ఒక నరాల వైద్యుణ్ణి కలిసింది. ఆయన పరీక్షించి, స్కానింగు అవసరం లేదన్నారు. ఒక వంద పేజీల నోటు పుస్తకం కొనమన్నారు. మూడు నెలలు రాసి తెమ్మన్నారు. మా బావగారికి ఇది నచ్చలేదు. అరవై కిలోమీటర్లు వచ్చింది పుస్తకం కొనడానికా అని బస్సులో గొణిగారట.

రాయవలసినవి ఇవి: ఎన్ని గంటలకు పడుకున్నది, ఎన్నిటికి లేచింది, ఏ వేళకు ఏమి తిన్నది, ఎన్ని గ్లాసుల నీళ్లు, ఎన్ని కప్పుల చాయ్, నెలసరి రోజులు, ఎండ, మబ్బు, ప్రయాణం, పెళ్లి, తగాదా, నొప్పి వస్తే ఏ గంటకు వచ్చింది, పదిలో ఎంత ఉన్నది, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నది, ఎప్పటికి తగ్గింది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నొప్పి వచ్చిన రోజు మాత్రమే రాయడం. నొప్పి రాని రోజులు కూడా రాయాలని ఆ వైద్యుడు గట్టిగా చెప్పారు. వంకాయ తిన్న రోజు నొప్పి వచ్చిందని వంకాయను నిందించే ముందు, వంకాయ తిన్నా నొప్పి రాని రోజులు ఎన్నో చూడాలి కదా.

మూడు నెలల్లో వచ్చిన 13 శుక్రవారాలలో 11 ఆమె గద్వాలలో గడిపింది. వాటిలో 8 నాడు నొప్పి వచ్చింది. మా ఇంట్లో గడిపిన రెండింటిలో రాలేదు. పుస్తకం ముందు పెట్టుకొని అక్కాచెల్లెళ్లం కూర్చొని చూశాము. గద్వాలలో శుక్రవారం ఆమె దినచర్య ఇలా ఉన్నది. ఫజర్ కాగానే తలస్నానం. నడుము దాటిన జుట్టు. ఆరబెట్టుకునే తీరిక లేక తడి జుట్టు మీదే దుపట్టా కట్టేది. ఇల్లంతా లోబాన్ పొగ, అగరుబత్తి, మగవారి బట్టలకు అత్తరు. జుమాకు వచ్చే చుట్టాల కోసం పెద్ద వంట. ఆ హడావుడిలో నాస్తా ఉండదు. పదకొండు గంటలకు ఒక చాయ్. మగవారు మసీదు నుంచి వచ్చి తిన్న తరువాత, మూడింటికి ఆమె మొదటి ముద్ద. మా ఇంట్లోనేమో చుట్టంగా వచ్చింది కాబట్టి ఎనిమిదింటికే తినిపించేవాళ్లం. తలస్నానం చేస్తే మా అమ్మ ఎండలో కూర్చోబెట్టి తువాలుతో తుడిచేది.

తలస్నానం వల్ల మైగ్రేన్ వస్తుందా అని మాకు అనుమానం కలిగింది. పాశ్చాత్య పుస్తకాలలో ఈ కారణం అంతగా కనిపించదు. ముంబైకి చెందిన తలనొప్పుల నిపుణుడు డాక్టర్ కె. రవిశంకర్ ఇలా తలస్నానంతో నొప్పి వచ్చే 94 మంది భారతీయ రోగులను పరిశీలించి 2006లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించారు. పొడవాటి జుట్టు, అది ఆరడానికి పట్టే సమయం మన దేశపు ఆడవారి జీవితంలో భాగం. మన అమ్మమ్మలు తలారబెట్టుకోమని వెంటపడేది ఊరికే కాదేమో. ఘాటైన వాసనలూ, ఆకలితో ఉండడమూ ప్రపంచమంతటా గుర్తించిన ప్రేరకాలే.

అయితే ఆ 11లో 3 శుక్రవారాలు అదే తలస్నానం, అదే పొగ, అదే ఆలస్యం ఉన్నా నొప్పి రాలేదు. దీనిని గద్వాల వారికి జూరాలతో చెప్పవచ్చు. ఎగువన నారాయణపూర్ నుంచి వదిలిన నీరు ఒక్కటే వస్తే జూరాల ఇముడ్చుకుంటుంది. భీమా కూడా పొంగి, అప్పటికే జలాశయం నిండుగా ఉంటే గేట్లు ఎత్తక తప్పదు. గేటు ఎత్తించినది చివరి గంటలో వచ్చిన నీరు ఒక్కటే అనలేము. ఆ మూడు వారాలలో ఆమె ముందు రాత్రి బాగా నిద్రపోయింది, నెలసరి దగ్గరలో లేదు. నెలసరికి ముందు రెండు రోజులు, తరువాత మూడు రోజులు చాలామంది స్త్రీలకు జలాశయం నిండి ఉన్న రోజులు. వాటిని మార్చలేము. కానీ ఆ రోజులలో భోజనం, నిద్ర తప్పకుండా చూసుకోవచ్చు. పెళ్లి ప్రయాణం వాయిదా వేయవచ్చు.

ఇంకొక చిక్కు కూడా పుస్తకంలో తేలింది. మిఠాయి తిన్నప్పుడల్లా నొప్పి వస్తుందని ఆమె నమ్మకం. రాసి చూస్తే, నొప్పికి ముందు రోజు ఆమెకు ఊరికే ఆవులింతలు, మెడ పట్టేయడం, చిరాకు, వాటితో పాటే తీపి మీద విపరీతమైన కోరిక కనబడ్డాయి. అంటే మైగ్రేన్ అప్పటికే లోపల మొదలైంది. జిలేబీ తినాలనిపించడం దాని మొదటి గుర్తు. ఇలా ఫలితాన్ని కారణమనుకొని ఒక్కొక్క తిండీ మానేస్తూ పోయినవారు చివరికి ఏమీ తినలేక, ఆ ఆకలితోనే నొప్పి తెచ్చుకుంటారు. అందుకే ఒకేసారి పది మానకుండా, ఒక్కొక్కటి మార్చి నెల రోజులు చూడాలి. మా చెల్లెలు మొదట నాస్తా మార్చుకుంది: ఏ పని ఉన్నా ఎనిమిదిన్నర లోపల రెండు రొట్టెలు. తరువాతి నెల తలస్నానాన్ని ఎండ వచ్చి, తిన్న తరువాతకు జరిపింది. జుట్టు పూర్తిగా ఆరనిదే దుపట్టా కట్టదు. లోబాన్ ఆమె ఇంట్లో లేనప్పుడో, వాకిట్లోనో.

ఒకరి ప్రేరకాలు మరొకరికి పనికిరావు. ఆమె ఇంటి పక్కన మగ్గం నేసే సోదరుడికి ఇదే జబ్బు. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ కలుపుతూ జరీ మెరుపు మీద గంటల తరబడి చూపు నిలపాలి. ఎదురుగా మినుకుమనే ట్యూబులైటు. లైటును పక్కకు జరిపి, గంటకొకసారి మగ్గం గుంట నుంచి లేచి మెడ తిప్పుకోవడం మొదలుపెట్టిన తరువాత ఆయనకు నొప్పి విరామం పెరిగింది. మా వనపర్తిలో సంస్థానపు రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్‌లో చదివే మా బంధువుల అబ్బాయికి పరీక్షల్లో ఏమీ కాదు. పరీక్షలు అయిపోయిన మరునాడు, మధ్యాహ్నం దాకా నిద్రపోయి లేచేసరికి తల పగిలిపోతుంది. ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోవడమూ, అతినిద్రా కూడా ప్రేరకాలే. నాగర్‌కర్నూలు దగ్గర పత్తి చేలకు కూలికి వెళ్లే ఒక సోదరి మాతో చెప్పిన కారణం వింటే మాకు సిగ్గు వేసింది. పొద్దున ఇంటి నుంచి బయలుదేరినది మొదలు సాయంత్రం దాకా ఆమె నీళ్లు తాగదు, ఎందుకంటే చేను దగ్గర మరుగు లేదు. ఆమెకు ఎండ పడదని అందరూ అంటారు. ఎండ కన్నా ముందు మాట్లాడుకోవలసినది ఆ మరుగు సంగతి.

ఇక రమజాన్. ఉపవాసం మైగ్రేన్ ఉన్నవారికి పరీక్షే. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, మైగ్రేన్ ఉండి ఉపవాసాలు పాటించే 32 మంది ముస్లింలకు మామూలు నెలలో సగటున 3.7 రోజులు నొప్పి ఉంటే, రమజాన్ నెలలో 9.4 రోజులు ఉన్నది. దీనికి నిద్ర విరగడం, నీరు తగ్గడం, చాయ్ ఒక్కసారిగా ఆగిపోవడం అన్నీ తోడవుతాయి. రోజుకు ఆరు కప్పులు తాగేవారు మొదటి ఉపవాసం నాటి సాయంత్రానికి తల పట్టుకొని కూర్చోవడానికి కెఫీన్ లేకపోవడం ఒక పెద్ద కారణం. షాబాన్ నెల సగం నుంచే రెండు మూడు రోజులకొక కప్పు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. సహరీ మానకూడదు, వీలైనంత ఆలస్యంగా తినాలి. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. నివారణ మందులు వాడేవారు వాటి వేళలను రమజాన్‌కు ముందే వైద్యునితో మాట్లాడి మార్చుకోవాలి. ఇంత చేసినా తీవ్రమైన నొప్పి వచ్చి వాంతులవుతుంటే? వ్యాధిగ్రస్తులు ఆ ఉపవాసాన్ని వేరే రోజులలో పూర్తి చేసుకోవచ్చని దివ్య ఖుర్‌ఆన్ (బఖరా సూరా, 184, 185 ఆయతులు) స్వయంగా వెసులుబాటు ఇచ్చింది. తమ పరిస్థితి దాని కిందికి వస్తుందో లేదో వైద్యుణ్ణీ, నమ్మకమైన ఆలిమ్‌నూ అడగాలి, పొరుగింటివారిని కాదు.

మాత్రల సంగతి చెప్పకుండా ఊరుకోలేము, ఎందుకంటే మా చెల్లెలి పుస్తకంలో వైద్యుణ్ణి కలవరపెట్టినది జుమా కాదు, మాత్రల లెక్క. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చే కలగలుపు మాత్రలు ఆమె నెలకు 18 రోజులు వేసుకుంటున్నది. నొప్పి వస్తుందేమోనని ముందే వేసుకున్నవీ ఉన్నాయి. కలగలుపు మాత్రలు, ట్రిప్టాన్లు నెలలో 10 రోజులు లేదా అంతకు మించి, మామూలు నొప్పి మాత్రలు 15 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. నొప్పికి మాత్ర, మాత్రకు నొప్పి. ఆయన వాటిని ఆపించి, రాత్రిపూట వేసుకునే నివారణ మందు ఇచ్చారు. ఆపిన మొదటి పది రోజులు ఆమె పడిన బాధ మేము చూశాము. ఆ పది రోజులు వంట ఆమె అత్తగారు చేశారు.

నివారణకు ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్, టోపిరమేట్ వంటివి ఉన్నాయి. ఏది ఎవరికన్నది వైద్యుడే తేల్చాలి: ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలాల్ పడదు, గర్భం ధరించే అవకాశం ఉన్నవారికి టోపిరమేట్, వాల్‌ప్రొయేట్ ప్రమాదం. ‘ఆరా’ వచ్చే స్త్రీలు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మందు మొదట్లోనే, సరైన మోతాదులో వేసుకుంటే పని చేస్తుంది. భరించి భరించి వాంతులు మొదలైన తరువాత వేసుకుంటే కడుపు దానిని తీసుకోదు.

నోటు పుస్తకంతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన తలనొప్పులు వేరే ఉన్నాయి. పిడుగు పడినట్లు క్షణాల్లో పతాకస్థాయికి చేరినది. జ్వరంతో మెడ బిగుసుకున్నది. కాలూ చెయ్యీ పడిపోవడం, మాట తడబడడం, ఫిట్స్‌తో వచ్చినది. తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చినది. గర్భిణికి, బాలింతకు కొత్తగా వచ్చినది. 50 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైనది. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. హైదరాబాదు బస్సు కోసం తెల్లవారేదాకా ఆగవద్దు.

ఏడాదిన్నర గడిచింది. మా చెల్లెలికి నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని ఆ వైద్యుడు చెప్పనూ లేదు. నెలకు పది పన్నెండు రోజులు ఉండేది ఇప్పుడు రెండు మూడు రోజులు. శుక్రవారం నాస్తా అందరికంటే ముందు ఆమెకే పెడుతున్నారు. మొన్న గద్వాల వెళ్లినప్పుడు మంచం మీద ఒక కొత్త పుస్తకం కనబడింది. అయిపోయిందా మొదటిది అని అడిగాము.

“నాది కాదు ఆపా, పాపది” అన్నది.

ఆమె పెద్ద కూతురికి పదకొండేళ్లు. బస్సెక్కితే వాంతి, అప్పుడప్పుడు కారణం తెలియని కడుపునొప్పి చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. ఈ ఏడు బడి నుంచి వచ్చి నుదురు పట్టుకొని చీకటి గదిలో పడుకోవడం మొదలైంది. పిల్లల్లో నొప్పి నుదుటి మీద రెండు వైపులా రావచ్చు, రెండు గంటల్లోనే తగ్గిపోనూ వచ్చు. అందుకే బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నారనుకుంటారు. ఈసారి ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. పుస్తకం తెరిచి చూశాము. మొదటి పేజీలో గుండ్రని అక్షరాలతో ఇలా ఉన్నది: సోమవారం. నాస్తా తినలేదు. నీళ్ల సీసా ఇంట్లో మరచిపోయాను. ఎండలో ప్రేయర్. మూడో పీరియడ్‌లో మొదలైంది.